మొదటి ఎయిర్ పిస్టల్ ఏది కొనాలి? చాందా (చంద్రపూర్), గడ్చిరోలి వైపు మనవాళ్లకు

పారిస్ ఒలింపిక్స్‌లో 2024లో మను భాకర్ రెండు కంచు పతకాలు గెలిచినప్పటి నుంచి బల్లార్షా, రాజురా, అహేరి, సిరొంచ వైపు తెలుగు ఇళ్లలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: "పిల్లకు పిస్టల్ కొందామనుకుంటున్నాం, ఏ కంపెనీది మంచిది?" అదే ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే రైఫిల్‌తో ఇంకో కంచు తెచ్చాడు కాబట్టి మహారాష్ట్రలో ఈ ఆట మీద మోజు మరికాస్త పెరిగింది. మోజు మంచిదే. అడగాల్సిన ప్రశ్న మాత్రం అది కాదు. మోరినీ, స్టైర్, వాల్తర్, వీటిలో ఏది కొన్నా మొదట్లో స్కోరులో పెద్ద తేడా కనిపించదు. తేడా తెచ్చేది వారానికి ఎన్ని రోజులు కాల్చగలిగారన్నదే. మన వైపు అది ఎక్కువగా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: పిస్టల్‌లో గాలి అయిపోతే మళ్లీ ఎక్కడ నింపుతారు?

పుణె బాలేవాడిలోనో హైదరాబాద్ గచ్చిబౌలిలోనో ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఈ బెంగ ఉండదు. షూటింగ్ రేంజ్‌లోనో కోచ్ దగ్గరో నింపుకునే ఏర్పాటు ఉంటుంది. సిరొంచలో ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు. లక్షలు పోసి కొన్న పిస్టల్ గాలి లేక బీరువాలో పడి ఉంటే, పక్కింటి పిల్లాడు పాత పంపు పిస్టల్‌తో రోజూ కాల్చి ముందుకెళ్లిపోతాడు.

ఇక్కడ చెప్పేదంతా కాగితం టార్గెట్ మీద కాల్చే ఆట గురించే. ఆత్మరక్షణకు తుపాకీ కావాలనుకునేవాళ్ల లెక్క వేరు.

ఆట కొలతలు

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో నిలబడి, ఒంటి చేత్తో కాల్చాలి. టార్గెట్ మీద నల్ల భాగం 59.5 మిల్లీమీటర్లు. నడిమి పది రింగు 11.5 మిల్లీమీటర్లే, చొక్కా గుండీ అంత. పెల్లెట్, అంటే పిస్టల్ కాల్చే చిన్న సీసం గుండు, 4.5 మిల్లీమీటర్లు. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద పెద్ద పోటీల్లో 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి. పిస్టల్ బరువు 1,500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ లాగడానికి కనీసం 500 గ్రాముల బలం పట్టాలి, మొత్తం పిస్టల్ 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. సైట్లు, అంటే పిస్టల్ మీద గురి చూసుకునే ముందు, వెనక గుర్తులు, మామూలు ఇనుపవే. టెలిస్కోపు, రెడ్ డాట్ ఉన్నది కొంటే పోటీ మెట్టు ఎక్కనివ్వరు.

ఒలింపిక్ 25 మీటర్ల పిస్టల్ పోటీలు .22 తూటాలతో. అది లైసెన్స్ ఆయుధం, దాని గురించి చివర్లో చెబుతాను. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆ 25 మీటర్ల పోటీల్లోనూ పేరు తెచ్చుకుంది. అందుకే చాలామంది మొదటి అడుగే అక్కడ వేద్దామనుకుంటారు. మొదటి పిస్టల్‌గా మాత్రం నేను అది వద్దంటాను.

కొనేముందు చూడాల్సినవి

మొదట గాలి. పోటీ పిస్టళ్లలో ఎక్కువ భాగం చిన్న సిలిండర్‌లో 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) దాకా గాలి నింపుకుని నడుస్తాయి. ఒకసారి నింపితే మోడల్‌ని బట్టి వంద పైచిలుకు షాట్లు వస్తాయి. పంక్చర్ షాపు కంప్రెసర్ పది బార్ల దగ్గరే ఆగిపోతుంది, అది పనికిరాదు. ఒక మాట గట్టిగా చెప్పాలి: వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్‌తో నింపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు లోపలి నూనె, గ్రీజు తగిలితే పేలుతుంది. నింపాల్సింది మామూలు పొడి గాలి, అంతే.

ఇంట్లో నింపుకోవడానికి మూడు దారులున్నాయి. చేతి పంపు, చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్, లేదా నగరం నుంచి నింపించి తెచ్చుకునే పెద్ద సిలిండర్. చేతి పంపు అన్నిటికంటే చవక. కానీ 150 బార్లు దాటాక ప్రతి దెబ్బకూ ఒళ్లంతా వేలాడాల్సి వస్తుంది. కాస్త కొట్టి ఆగి, పంపు చల్లబడ్డాక మళ్లీ కొట్టాలి. ఆగకుండా కొడితే లోపలి సీళ్లు కాలిపోతాయి. వానాకాలంలో ఇంకో చిక్కు: పంపుతో పాటు గాలిలోని తేమ కూడా సిలిండర్‌లోకి వెళ్తుంది. వర్ధా, ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో జూలై, ఆగస్టుల్లో గాలి ఎంత తడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. తేమ పీల్చే ఫిల్టర్ ఉన్న పంపే కొనండి, ఆ ఫిల్టర్ గింజలు రంగు మారగానే మార్చండి.

రెండోది గ్రిప్. దీని మీదే ఎక్కువ సమయం పెట్టమంటాను, ఎందుకంటే కొనేవాళ్లు దీన్నే పట్టించుకోరు. పోటీ పిస్టళ్ల చెక్క గ్రిప్‌లు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడి చేతికి, ఎడమ చేతికి వేర్వేరుగా వస్తాయి. కింద అరచేయి ఆనే పలక పైకీ కిందికీ జరుగుతుంది. పరీక్ష సులువు. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని గ్రిప్ పట్టుకోండి. కళ్లు మూసుకుని చెయ్యి గోడ వైపు ఎత్తండి, రెండు ఊపిరులు తీసుకుని కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యలో, పైఅంచులు సమంగా ఉంటే ఆ గ్రిప్ మీది. ముందు సైట్ ఎడమకు జారితేనో, గాడిలో కుంగితేనో మణికట్టు తిప్పి సరిచేసుకోవాలనిపిస్తుంది. అలా సరిచేసుకోవాల్సి వచ్చిందంటే ప్రతి షాట్‌కీ, అరవైసార్లూ, సరిచేసుకోవాల్సిందే. యాభయ్యో షాట్ దగ్గర చెయ్యి మొరాయిస్తుంది.

గ్రిప్ కాస్త పెద్దదైతే ఉప్పుకాగితంతో రుద్దుకోవచ్చు, సన్నగా ఉన్నచోట చెక్క పుట్టీ పెట్టుకోవచ్చు. ఆ పని మీరే చేసుకోవాలి, చేతిలో పట్టుకుని చూస్తూ కొంచెం కొంచెంగా. వడ్రంగి చేతికిస్తే అందంగా నున్నగా చేసి ఇస్తాడు, మీ వేళ్లు ఆనే గరుకంతా పోతుంది. పెరిగే పిల్లలకైతే గ్రిప్ మీద ఎక్కువ చెక్కుళ్లు వద్దు, ఏడాది తిరిగేసరికి చెయ్యే మారిపోతుంది. ఎడమచేతి వాటం వాళ్లు ఎడమ గ్రిప్ దొరికాకే పిస్టల్ కొనాలి.

మూడోది ట్రిగ్గర్. మంచి ట్రిగ్గర్‌కి రెండు దశలుంటాయి: మొదటి దశ మెత్తగా వెనక్కి వచ్చి ఒకచోట ఆగుతుంది, అక్కడి నుంచి కాస్త ఒత్తిడి పెరిగితే షాట్ వెళ్లిపోతుంది. ఎప్పుడు వెళ్తుందో తెలియకుండా లాగుతూ పోవాల్సిన ట్రిగ్గర్ అయితే నేర్చుకునేవాళ్లకు కుదుపు అలవాటవుతుంది. ఆ అలవాటు మాన్పించడం కోచ్‌కి పెద్ద తలనొప్పి.

దీంతోపాటే అడగాల్సింది డ్రై ఫైర్, అంటే గాలీ పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేయడం. పోటీ పిస్టళ్లలో దీనికి ప్రత్యేకంగా ఏర్పాటు ఉంటుంది. తెల్ల గోడ ముందు నిలబడి సైట్లు మాత్రమే చూస్తూ ట్రిగ్గర్ నొక్కడం ఈ ఆటలో సగం సాధన, పైసా ఖర్చు లేనిది. క్వార్టర్‌లో పది మీటర్ల జాగా లేనివాళ్లకైతే అదే దిక్కు. ఏ పిస్టల్‌తో ఇది చేయొచ్చు, ఏ పిస్టల్‌తో చేస్తే పాడవుతుంది అన్నది రకాల వారీగా చెబుతాను.

నాలుగోది రిపేర్. సీళ్లు ఎండిపోతాయి, రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడి అందించే భాగం) లీక్ అవుతుంది. మన ఎండలకు, అదీ చాందా ఎండలకు, రబ్బరు సీళ్లు త్వరగా గట్టిపడతాయి. మే నెలలో కారు డిక్కీలో నిండు సిలిండర్ వదిలేసి పెళ్లికి వెళ్లడం లాంటివి అసలు వద్దు. ఈ మోడల్ సీళ్లు దేశంలో ఎవరు అమ్ముతారు, ఎవరు మారుస్తారు అని అమ్మేవాళ్లను నేరుగా అడగండి. గొణిగితే వదిలేయండి.

చట్టం, మన జిల్లాల సంగతి

4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్‌కు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. పోటీ పిస్టళ్ల శక్తి అందులో మూడో వంతు కూడా ఉండదు. బోరు అంతకు మించితే లెక్క మారుతుంది, ఆ జోలికి పోవద్దు. షాపులో ఫొటో గుర్తింపు కార్డు, చిరునామా ఆధారం అడుగుతారు. ఇచ్చి, సీరియల్ నంబర్ రాసిన బిల్లు తీసుకోండి.

లైసెన్స్ అక్కర్లేదంటే ఎక్కడైనా తిప్పొచ్చని కాదు. గడ్చిరోలిలో నాకాబందీలు ఎన్నో మనకు తెలుసు. సంచిలో పిస్టల్ కనబడితే అది ఏ రకమో జవానుకి చూడగానే తెలియదు. ప్రయాణంలో తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టండి, పెల్లెట్లు వేరే సంచిలో, బిల్లు కాపీ, క్లబ్ లేదా షూటింగ్ సంఘం కార్డు పైన అందుబాటులో. పోలీసులు ఆపితే వాళ్లు అడగకముందే "పెట్టెలో స్పోర్ట్స్ ఎయిర్ పిస్టల్ ఉంది" అని నోటితో చెప్పండి, మీ చేత్తో తీసి చూపించకండి.

తాడోబా వైపు, చప్రాళా వైపు రోడ్లు అభయారణ్యం గుండా పోతాయి. వన్యప్రాణి రక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. జంతువుని గాయపరచగల ఏ సాధనమైనా ఆ చట్టం లెక్కలో ఆయుధమే. దూరమైనా వేరే దారి పట్టండి. పిట్టల మీద గురి చూసుకుందామనే కుర్రాళ్లు ఈ ఆటకి పనికిరారు, కేసుకి పనికొస్తారు.

ఒక్కో రకం గురించి

*కొనకపోవడం.* దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో రేంజ్‌కి వెళ్లి, అక్కడి పిస్టల్‌తో కొన్ని వారాలు కాల్చి చూడటం. సిరొంచ వాళ్లకు నాగపూర్ కంటే హైదరాబాదే దగ్గర, మంచిర్యాలలోనో వరంగల్‌లోనో చుట్టాలుంటారు. బల్లార్షా వాళ్లకు రెండు వైపులా రైలుంది. వేసవి సెలవుల్లో పిల్లను చుట్టాలింట్లో ఉంచి నేర్పించడానికయ్యే ఖర్చు పిస్టల్ ధరలో చిన్న ముక్క. చెయ్యి సైజు ఎంతో, ఆట నచ్చిందో లేదో అప్పటికి తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త: శిక్షణ ఎక్కడ తీసుకున్నా పోటీలకు ఏ రాష్ట్ర సంఘం తరఫున వెళ్తారో ముందే తేల్చుకోండి. ఆధార్ కార్డు, బడి కాగితాలు మహారాష్ట్రవైతే దారి కూడా మహారాష్ట్ర సంఘం గుండానే.

*స్ప్రింగ్ పిస్టల్.* బారెల్ (గొట్టం) కిందికి వంచి స్ప్రింగ్‌ని బిగించే రకం. కొన్ని వేలల్లో వస్తుంది, గాలి బెంగ లేదు. అయితే స్ప్రింగ్ ముందుకి దూసుకెళ్లి ఆగేటప్పుడు పిస్టల్ ముందుకీ వెనక్కీ రెండుసార్లు కుదుపు ఇస్తుంది. పెల్లెట్ బారెల్‌లోంచి బయటికి రాకముందే ఆ కుదుపు మొదలవుతుంది కాబట్టి మీరు సరిగ్గా పట్టుకున్నారా లేదా అన్నది టార్గెట్ చెప్పదు. ట్రిగ్గర్ బరువు. పెల్లెట్ లేకుండా పేలిస్తే లోపలి సీల్ దెబ్బతింటుంది, అంటే డ్రై ఫైర్ సాధన ఉండదు. సరదాకైతే సరే. పోటీ ఆలోచన ఉంటే ఆ డబ్బులు దాచుకోండి.

*కార్బన్ డై ఆక్సైడ్ పిస్టల్.* 12 గ్రాముల చిన్న బుల్లి సీసాలతో నడిచేది. పదుల వేల లోపల దొరుకుతుంది, కుదుపు తక్కువ, పట్టుకోవడానికి హాయి. చల్లని ఊరైతే నేర్చుకునేవాళ్లకు ఫర్వాలేదనేవాణ్ని. మన దగ్గర కష్టం. ఈ గ్యాస్ ఒత్తిడి పూర్తిగా వేడి మీద ఆధారపడుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్లు ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ పెరుగుతుంది, 31 డిగ్రీలు దాటితే ద్రవంగా నిలవనే నిలవదు. చాందాలో మార్చి నుంచి జూన్ దాకా 31 డిగ్రీల లోపు ఉండే పగలు ఎక్కడుంది? డిసెంబరు పొద్దున ఒకచోట తగిలిన షాట్, మధ్యాహ్నం ఇంకోచోట తగులుతుంది. గబగబా కాల్చినా సీసా చల్లబడి షాట్లు కిందికి జారతాయి. నేర్చుకునేవాడు తప్పు తన చేతిదా గ్యాస్‌దా అన్నది తెలియక సైట్లు తిప్పుతూ కూర్చుంటాడు. బుల్లి సీసాలు కొరియర్‌లో రావడం కూడా పెద్ద ప్రహసనమే.

ఇందులోనే ఇంకో బాపతు ఉంది, చూడటానికి అచ్చం పోలీసు పిస్టల్‌లా ఉండేది. గడ్చిరోలి, ఒడిశాలోని మల్కన్‌గిరి లాంటి జిల్లాల్లో అలాంటిది ఇంట్లో పెట్టుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. పోటీకి పనికిరాదు, దూరం నుంచి చూసినవాళ్లకు నిజం తుపాకీలాగే కనిపిస్తుంది.

*ఒక్క పంపు పిస్టల్.* షాట్‌కి ముందు మీట తెరిచి మూస్తే ఆ ఒక్క కదలికతోనే లోపల కావలసినంత గాలి బిగుస్తుంది. ఎక్కువా తక్కువా ఉండదు, ప్రతి షాట్ ఒకేలా వెళ్తుంది. కుదుపు దాదాపు లేదు. ఎండలో వానలో ఒకేలా నడుస్తుంది. సిలిండర్, కంప్రెసర్, పంపు ఏదీ అక్కర్లేదు. రష్యా బైకాల్ ఇజ్-46ఎం, ఇటలీ ఎఫ్.ఎ.ఎస్. 6004, జర్మనీ వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ 40 ఈ కోవలోవి. అన్నిటి ట్రిగ్గర్లూ గ్రిప్‌లూ ఒక్క మెట్టున ఉండవు. వాటిలో పోటీకి దగ్గరగా ఉండేవి బైకాల్, ఎఫ్.ఎ.ఎస్.

దీనిలో లోటు శ్రమ. అరవై షాట్లకు అరవైసార్లు మీట నొక్కాలి. పెద్దవాళ్లకు మొదటి ఇరవై దాకా ఏమీ అనిపించదు, నలభై దాటాక గురిపెట్టే చెయ్యే వణకడం మొదలెడుతుంది. అందుకే మీట మూసే బలం గురిపెట్టని చేతితో పెట్టేలా అలవాటు చేసుకోవాలి. పన్నెండేళ్ల పిల్లలైతే చాలామందికి ఆ మీట మూయడమే కష్టం, పక్కన పెద్దవాళ్లెవరైనా మూసి ఇవ్వాలి. ఇంతా చెప్పాక కూడా, రేంజ్‌కి దూరంగా ఉన్న పెద్దవాళ్లకు నా మొదటి సలహా ఇదే. రోజూ సాయంత్రం ముప్పై షాట్లు, ఎవరినీ అడగక్కర్లేకుండా. మన ఊళ్లకు సరిపడ్డ పిస్టల్ ఇది.

*సిలిండర్ పోటీ పిస్టల్.* స్టైర్ ఎల్‌పీ 10, ఇవో 10, మోరినీ సీఎం 162ఈఐ, వాల్తర్ ఎల్‌పీ 500, ఫైన్‌వెర్క్‌బావ్ పీ8ఎక్స్, పార్దినీ కే12. ఒలింపిక్ లైన్ మీద కనిపించేవి ఇలాంటివే. కొత్తది లక్ష దాటి చాలా దూరం వెళ్తుంది. లోపల రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతున్నా చాలాసేపు షాట్ ఒకేలా వెళ్తుంది. బరువు కిలో అటూఇటూ. డ్రై ఫైర్ ఏర్పాటు, సర్దుకునే గ్రిప్, సర్దుకునే ట్రిగ్గర్, అన్నీ ఉంటాయి. మోరినీలో పొట్టి బారెల్ మోడల్ కూడా ఉంది, చిన్న పిల్లలకు ముందు బరువు తగ్గుతుంది.

ఇందులో మెకానికల్ ట్రిగ్గర్, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అని రెండు రకాలు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ చాలా మెత్తగా, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, కాల్చినవాళ్లు వదలలేరు. అది పాడైతే బాగుచేసేవాళ్లు మన ఊళ్లో దొరకరు. టోక్యోలో 2021లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి, 575 స్కోరుతో 12వ స్థానంలో ఆగిపోయింది. పక్కన టీమ్ అంతా ఉన్నా ఆ పరిస్థితి. సిరొంచలో కూర్చున్నవాళ్లు మెకానికల్ ట్రిగ్గర్‌తో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

*.22 లైసెన్స్ పిస్టల్.* 21 ఏళ్లు నిండాలి, జిల్లా కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టాలి, పోలీసు విచారణ జరుగుతుంది. నక్సల్ ప్రభావం ఉన్న జిల్లాల్లో ఆ విచారణ తీరిగ్గా, లోతుగా నడుస్తుంది. 21 లోపు జూనియర్ షూటర్లకు వేరే నిబంధనలున్నాయి, అవి సంఘం ద్వారానే కదులుతాయి. తూటాలకు లెక్క చెప్పాలి, కాల్చడానికి అనుమతి ఉన్న 25 మీటర్ల రేంజ్ కావాలి. ఎన్నికలొస్తే ఆయుధాలు జమచేయమని కబురొస్తుంది, క్రీడాకారులు మినహాయింపు కోసం కాగితాలు పట్టుకుని తిరగాలి. లైసెన్స్ మీద రాసిన పరిధి మహారాష్ట్ర వరకే అయితే సిరొంచ దగ్గర గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు వెళ్లినా నేరమే. అవతలి ఒడ్డున మేనమామ ఇల్లున్నా సరే.

ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీలో చేసిన .32 రివాల్వర్ కొని దాంతోనే టార్గెట్ నేర్చుకుంటానని కొందరంటారు. అది దగ్గర దూరంలో ఆత్మరక్షణకు చేసిన పొట్టి బారెల్ ఆయుధం. 10 మీటర్ల పోటీలోనూ, .22 పోటీలోనూ దానికి చోటు లేదు.

| రకం | గాలి ఏర్పాటు | మన ఎండలో | డ్రై ఫైర్ | పోటీకి | ఖర్చు |
|---|---|---|---|---|---|
| స్ప్రింగ్ | అక్కర్లేదు | ఫర్వాలేదు | చేయకూడదు | పనికిరాదు | కొన్ని వేలు |
| కార్బన్ డై ఆక్సైడ్ | సీసాలు కొంటూ ఉండాలి | చెడ్డది | మోడల్‌ని బట్టి | చాలా మోడళ్లు పనికిరావు | వేలు, పైన సీసాల ఖర్చు |
| ఒక్క పంపు | అక్కర్లేదు | మంచిది | మోడల్‌ని బట్టి | మంచి మోడళ్లు పనికొస్తాయి | పదుల వేలు |
| సిలిండర్ పోటీ పిస్టల్ | 200 బార్లు నింపే దారి తప్పనిసరి | నీడలో ఉంచితే మంచిది | ప్రత్యేక ఏర్పాటు ఉంది | అందుకే చేసింది | లక్ష పైన, పంపు ఖర్చు వేరే |
| .22 | తూటాలు, లైసెన్స్ | ఇబ్బంది లేదు | మోడల్‌ని బట్టి | 25 మీటర్లకు | ఎక్కువ, కాగితాల తిరుగుడు వేరే |

ఎవరికి ఏది

బడి పిల్లలకు, ముఖ్యంగా జిల్లా, రాష్ట్ర స్కూల్ పోటీలు మనసులో ఉన్నవాళ్లకు: ముందు సెలవుల శిక్షణ, తర్వాత సెకండ్ హ్యాండ్ సిలిండర్ పిస్టల్, వీలైతే పొట్టి మోడల్. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఒక ఎలక్ట్రిక్ కంప్రెసర్ కొంటే గాలి గొడవ తీరిపోతుంది. బొగ్గు గనుల కాలనీల్లో, పేపర్ మిల్లు కాలనీల్లో ఇది సాధ్యమయ్యే పనే. పిస్టల్ కూడా ఇద్దరు పిల్లల మధ్య పంచుకుందామంటే చేతుల సైజు ఒకటైతేనే.

ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం గంటసేపు మనసు కుదుటపడాలనుకునే పెద్దవాళ్లకు ఒక్క పంపు పిస్టలే. ఇంట్లో పది మీటర్లు లేకపోతే ఐదు మీటర్ల దగ్గర టార్గెట్‌ని సగానికి తగ్గించి ప్రింట్ తీసుకోండి. టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. వెనక ఉక్కు రేకు పెల్లెట్ పెట్టె, దాని వెనక గోడ, పక్క తలుపులు గడియ వేసి ఉండాలి. తలుపు లేని వసారాలో, మేడ మీద వద్దు. పెల్లెట్లు సీసంతో చేసినవి. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పళ్లెం ముందు కూర్చోవద్దు, పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు పిల్లలకు అసలు రానివ్వొద్దు.

నలభై దాటినవాళ్లకు పిస్టల్ కంటే ముందు కళ్లద్దాలు. గురి చూసేటప్పుడు స్పష్టంగా కనిపించాల్సింది టార్గెట్ కాదు, చెయ్యి చాచిన దూరంలో ఉన్న ముందు సైట్. చదువుకునే అద్దాలతో అది మసకగా ఉంటుంది, దూరం అద్దాలతోనూ మసకే. కళ్లద్దాల షాపులో చెయ్యి చాచి వేలు చూపించి "ఇక్కడ స్పష్టంగా కనిపించాలి" అని చెప్పి ఒక్క కంటికి అద్దం చేయించుకోండి. కొత్త పిస్టల్ కంటే ఆ అద్దమే స్కోరు ఎక్కువ పెంచుతుంది.

ఇప్పటికే రేంజ్‌లో నేర్చుకుని, రాష్ట్ర స్థాయికి వెళ్లాలనుకునే కాలేజీ కుర్రాళ్లు మాత్రం నేరుగా సిలిండర్ పిస్టల్‌కే వెళ్లండి. మధ్యలో ఇంకో రకం కొని అమ్ముకునే తతంగం అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

పోటీ పిస్టల్ బారెల్ అంత తేలిగ్గా అరిగిపోదు. మంచి చేతిలో ఉన్న పాత పిస్టల్ కొత్తదాని కంటే తెలివైన బేరం. చూడాల్సింది సిలిండర్ తేదీ. సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. చాలా కంపెనీలు పదేళ్ల వాడకమే ఒప్పుకుంటాయి, గడువు దాటినదాన్ని పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే ఆపేయొచ్చు. పిస్టల్ చవగ్గా వస్తోందంటే చాలాసార్లు కారణం అదే. కొత్త సిలిండర్ ధర కలుపుకుని బేరం ఆడండి.

సిలిండర్ నింపి గేజ్ అంకె రాసుకుని రాత్రంతా వదిలేయండి. పొద్దున అదే అంకె ఉండాలి. పడిపోతే సీల్ లీకే, దాని ఖర్చూ బేరంలో తేలాలి. తర్వాత పిస్టల్‌ని బల్ల మీద ఆనించి, ఒకే పెల్లెట్ డబ్బాలోంచి పది షాట్లు. రంధ్రాలన్నీ కలిసి ఒకటే చిరుగులా ఉంటే మంచిది. చల్లాచెదురుగా పడితే పెల్లెట్ బ్రాండ్ మార్చి మళ్లీ చూడండి, రెండోసారీ అంతే అయితే వదిలేయండి.

అమ్మినాయన గుర్తింపు కార్డు కాపీ, సీరియల్ నంబర్‌తో చేతిరాత రసీదు, ఇద్దరి సంతకాలు తప్పకుండా తీసుకోండి. విదేశీ సైట్‌లో చవగ్గా ఉందని నేరుగా ఆర్డర్ పెట్టొద్దు. ఆయుధాల దిగుమతికి వేరే అనుమతులుంటాయి, కస్టమ్స్‌లో ఆగిపోతే పిస్టలూ డబ్బులూ రెండూ అక్కడే. పెల్లెట్ల విషయంలో మొదట్లో బుర్ర పాడుచేసుకోవద్దు. ముందు చదునుగా ఉండే మ్యాచ్ పెల్లెట్లు, ఆర్‌డబ్ల్యూఎస్ అయినా హెచ్ అండ్ ఎన్ అయినా, ఏది మీకు క్రమం తప్పకుండా దొరుకుతుందో అదే ఆర్నెల్లకు సరిపడా ఒకేసారి తెచ్చుకోండి.